సిపాయి బడి నుంచి రాజ్యాంగ సభ దాకా: అంబేద్కర్ జీవితంలో సైన్యం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో బాబాసాహెబ్ మీద ఒక వ్యాసం ఉండడం ఆనవాయితీ. రాజ్యాంగ నిర్మాతగా, న్యాయవాదిగా, బౌద్ధం స్వీకరించిన మహనీయుడిగా ఆయన గురించి మాకంటే ముందు ఇక్కడ ఉండి వెళ్లిన అన్నలు చక్కగా రాశారు. మేము ఈసారి ఆయన జీవితంలో చాలామంది పట్టించుకోని ఒక భాగాన్ని ఎంచుకున్నాం. అది సైన్యం. సైన్యంలోకి ఎవరిని తీసుకోవాలి, ఎలా ఎంపిక చేయాలి, చేరినవారికి ఏం నేర్పాలి అనే ప్రశ్నలు ఆయన పుట్టకముందే ఆయన ఇంట్లో ఉన్నాయి. ఆయన మంత్రి స్థాయికి ఎదిగిన తర్వాత కూడా ఆయన వెంటే నడిచాయి.

ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన మన తమ్ముళ్ల వల్లే వచ్చింది. తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, సోమశిల పోయే రోడ్డు మీద మన హాస్టల్ పిల్లలు పరుగు తీయడం కొల్లాపూర్‌లో అందరూ చూసేదే. ఒకడు సెల్‌ఫోనులో టైము చూస్తుంటాడు, మిగతావాళ్లు 1600 మీటర్లు ఉరుకుతారు. ఆర్మీ ర్యాలీకి పోవాలని వాళ్ల ఆశ. ఒకరోజు పరుగు అయిపోయి రోడ్డు పక్కన కూర్చున్నప్పుడు ఒక తమ్ముడు అడిగాడు, హాస్టల్ గోడ మీద బొమ్మ ఉన్న అంబేద్కర్ సారుకూ మిలిటరీకీ ఏమైనా సంబంధం ఉందా అని. మాకు వెంటనే జవాబు దొరకలేదు. తర్వాత లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, ఆ సంబంధం లేకపోతే బహుశా మనకు ఆ అంబేద్కరే ఉండేవాడు కాదని.

సిపాయి ఇల్లు

భీమ్‌రావ్ 1891 ఏప్రిల్ 14న మధ్యప్రదేశ్‌లోని మౌ అనే ఊళ్లో పుట్టారు. అది ఇండోర్ దగ్గర ఉన్న సైనిక కంటోన్మెంటు. తల్లి భీమాబాయి, తండ్రి రాంజీ సక్పాల్. వారికి ఆయన పద్నాలుగో సంతానం. సొంత ఊరు మాత్రం మహారాష్ట్ర కొంకణ ప్రాంతంలోని అంబడవే.

తాత మాలోజీ ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో పనిచేశారు. తండ్రి రాంజీ సుబేదారు. తల్లి పుట్టింటివారు కూడా సైనికులే, ఆమె తండ్రి సుబేదార్ మేజర్. ఊళ్లో మహర్ కులస్థుడు వెట్టి చాకిరీ చేయాలి, ఊరి బావి ముట్టకూడదు, బడి గడప తొక్కకూడదు. అదే మనిషి పటాలంలో చేరితే బట్టలు, జీతం, హోదా, పింఛను వచ్చేవి. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి వచ్చేది, చదువు.

ఆ రోజుల్లో పటాలాల్లో బడులు ఉండేవి. సిపాయిలూ వారి పిల్లలూ, ఆడపిల్లలతో సహా, చదువుకోవాలన్నది నియమం. డ్రిల్లు ఎలా నేర్పేవారో అక్షరాలూ అలాగే నేర్పేవారు. రాంజీ అలా చదువుకున్నవారే. పూనాలోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో తయారై, సైనిక పాఠశాలలో 14 ఏళ్లు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు. కొత్తగా చేరిన సిపాయికి అక్షరం నేర్పడం శిక్షణలో భాగం కావడం వల్ల ఒక కుటుంబం మారిపోయింది. తాత తుపాకీ పట్టాడు, తండ్రి సుద్దముక్క పట్టాడు, మనవడు ప్రపంచంలోని గొప్ప విశ్వవిద్యాలయాల్లో పట్టాలు పట్టాడు. మన హాస్టల్‌లో చాలామంది ఇళ్లలో మొదటి పట్టా మన చేతికే వచ్చింది. అందుకే ఆ మూడు తరాల దూరం ఎంతో మనకు బాగా తెలుసు.

పుట్టుకే పరీక్ష అయిన కాలం

భీమ్‌రావ్ పుట్టిన కాలంలోనే ఆ తలుపు మూసుకోవడం మొదలైంది. అది ఎలా జరిగిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దానిలో మన తెలుగువాళ్ల కథ కూడా ఉంది.

కంపెనీ సైన్యాలు మొదట మద్రాసు, బొంబాయి, బెంగాల్ ప్రాంతాల్లో విడివిడిగా పెరిగాయి. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉండేవారు. ఉత్తర భారతంలో కంపెనీ సిపాయిని చాలాకాలం తిలంగా అని పిలిచారంటే ఆ పేరు మన తెలుగు నేల నుంచి పోయిందే. అంటరానివారని ఊరు దూరం పెట్టిన కులాలవారు కూడా బొంబాయి, మద్రాసు పటాలాల్లో పనిచేశారు. పూనా దగ్గర కోరేగావ్‌లో 1818 జనవరి 1న పీష్వా సేనతో జరిగిన యుద్ధంలో చనిపోయిన మహర్ సైనికుల పేర్లు అక్కడి స్తంభం మీద నేటికీ కనిపిస్తాయి.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వారి ఆలోచన మారింది. కొన్ని జాతులు, కొన్ని కులాలు మాత్రమే పుట్టుకతో యుద్ధవీరులని, మిగతావారు యుద్ధానికి పనికిరారని ఒక సిద్ధాంతం బయలుదేరింది. 1885 నుంచి 1893 వరకు భారత సైన్యానికి సర్వసేనానిగా ఉన్న లార్డ్ రాబర్ట్స్ దీన్ని గట్టిగా నమ్మాడు. అంతకుముందు ఆయనే మద్రాసు సైన్యానికి అధిపతి. దక్షిణాదివాళ్లు సుఖానికి అలవాటుపడ్డారని, వారిలో పౌరుషం చచ్చిపోయిందని ఆయన అభిప్రాయం. దాంతో పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు ముందుకు వచ్చారు. తెలుగువాళ్ల భర్తీ క్రమంగా తగ్గిపోయింది. మహర్ల భర్తీ 1890ల మొదట్లో ఆగిపోయింది.

ఎంపిక చేసే పద్ధతి కూడా దానికి తగ్గట్టే తయారైంది. భర్తీకి వెళ్లే ఆఫీసర్ల కోసం ఏ కులం మంచిది, ఏ జిల్లా మంచిది, ఏ శాఖవారిని తీసుకోకూడదు అని చెప్పే పుస్తకాలు రాయించారు. వచ్చిన కుర్రవాడి ఎత్తు, ఛాతీ చూడడానికి ముందే వాడి కులం అడిగేవారు. చదువుకున్నవాడిని, పట్నంవాడిని అనుమానంగా చూసేవారు. అక్షరం రాని పల్లె రైతు బిడ్డే మంచి సిపాయి అని వారి లెక్క. అంటే మహర్ కుర్రవాడికి రెండు వైపులా దెబ్బే. పుట్టుక కారణంగా పరీక్షకు నిలబడనివ్వలేదు, పటాలం బడిలో సంపాదించిన చదువూ అక్కరకు రాలేదు.

మహర్ పింఛనుదారులు దీన్ని ఊరుకోలేదు. రాంజీ సక్పాల్ కూడా వారిలో ఒకరు. ఆయన మహదేవ గోవింద రానడే వంటి పెద్దల సహాయం అడిగి ప్రభుత్వానికి వినతిపత్రం రాయించే ప్రయత్నం చేశారు. తర్వాత 1910లో పూనాకు చెందిన శివరామ్ జానబా కాంబ్లే ఆధ్వర్యంలో మహర్లు మళ్లీ విన్నవించుకున్నారు. ఫలితం రాలేదు. తండ్రి అర్జీలు రాస్తుంటే, జవాబులు రాకపోతుంటే చూస్తూ పెరిగిన పిల్లవాడు భీమ్‌రావ్.

చదువు, అవమానం

రాంజీ పదవీ విరమణ తర్వాత కుటుంబం దాపోలికి, అక్కడి నుంచి సతారాకు మారింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి తెల్లవారుజామునే పిల్లలను నిద్రలేపి చదివించేవారు. లెక్కలు, ఇంగ్లీషు ఆయనే చెప్పేవారు. సైనిక క్రమశిక్షణ ఆ ఇంట్లో పుస్తకం రూపంలో అమలైంది.

బడిలో మాత్రం భీమ్‌రావ్ ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకొని విడిగా కూర్చోవాలి. ప్యూను పోస్తేనే నీళ్లు, ప్యూను రాకపోతే దాహంతోనే ఉండాలి. ఒకసారి తండ్రి ఉద్యోగం చేసే ఊరికి అన్నతో, అక్కల పిల్లలతో కలిసి రైల్లో బయలుదేరారు. స్టేషన్‌లో దిగాక బండివాడు వారి కులం తెలిసి బండి తోలనన్నాడు. రెట్టింపు బాడుగ ఇస్తే పిల్లలే బండి తోలుకోవాలని, తాను పక్కన నడుస్తానని ఒప్పుకున్నాడు. రాత్రంతా దారిలో ఎవరూ నీళ్లివ్వలేదు. మంచి బట్టలు వేసుకున్న సుబేదారు పిల్లలే అయినా పటాలం గౌరవం కంటోన్మెంటు గేటు దగ్గరే ఆగిపోయిందని ఆ ప్రయాణంలో పిల్లవాడికి అర్థమైంది.

తర్వాత కుటుంబం బొంబాయి చేరింది. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివి 1907లో మెట్రిక్ పాసయ్యారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయల వేతనం ఇవ్వగా బి.ఏ. పూర్తి చేశారు. 1913 మొదట్లో బరోడా సంస్థాన సైన్యంలో లెఫ్టినెంటుగా చేరారు. కొద్దిరోజులకే తండ్రికి జబ్బు చేసిందని తంతి వచ్చింది. 1913 ఫిబ్రవరిలో రాంజీ కన్నుమూశారు.

అదే ఏడాది మహారాజు ఉపకార వేతనంతో ఆయన అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడి నుంచి లండన్ వెళ్లారు. వేతనం గడువు ముగియడంతో చదువు మధ్యలో ఆపి, ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగానికి వచ్చారు. ఈసారి మహారాజు సైనిక కార్యదర్శి హోదా. తాతది సిపాయి పని, తండ్రిది సుబేదారు పని, తనది సైనిక వ్యవహారాలు చూసే పెద్ద కొలువు. కానీ ఆఫీసులో ప్యూన్లు ఫైళ్లు చేతికి ఇవ్వకుండా దూరం నుంచి బల్ల మీద విసిరేవారు. తాగే నీళ్లు దొరకలేదు. ఉండడానికి ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. పేరు దాచుకొని పార్శీల సత్రంలో ఉంటే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఒక తోటలో కూర్చొని కన్నీళ్లు పెట్టుకొని బొంబాయి రైలెక్కారు. లండన్‌లో ఆగిన చదువును తర్వాత తిరిగి వెళ్లి పూర్తిచేశారు.

యుద్ధం వచ్చినప్పుడు తెరిచిన తలుపు

ఆయన బరోడాలో అవమానం పడిన 1917లోనే మరో సంగతి జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధానికి మనుషులు చాలకపోవడంతో ప్రభుత్వం 111వ మహర్ల పటాలాన్ని నిలబెట్టింది. నిన్నటిదాకా పనికిరారన్న కులంవారే ఒక్కసారిగా పనికొచ్చారు. యుద్ధం అయిపోయింది. 1921లో ఆ పటాలాన్ని రద్దు చేశారు. వీరి దేహదారుఢ్యం నాలుగేళ్లలో పెరిగిందీ లేదు, తరిగిందీ లేదు. అవసరం మాత్రం తీరిపోయింది. మనుషుల్ని తూచే తక్కెడ ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న అని అంబేద్కర్ గ్రహించారు.

ఆయన చేపట్టిన పనులను ఈ దృష్టితో చూస్తే మనకు కొత్తగా కనిపిస్తాయి. 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. దాని తరఫున 1925 జనవరిలో షోలాపూర్‌లో విద్యార్థి వసతిగృహం తెరిచారు. పటాలం బడి మూతపడిన తర్వాత పిల్లలకు చదువు, తిండి, క్రమశిక్షణ ఒకేచోట దొరికే చోటు హాస్టలే. మనం నేడు ఉంటున్న సాంఘిక సంక్షేమ హాస్టళ్లకు అటువంటి హాస్టళ్లే తాత ముత్తాతలు.

1927 జనవరి 1న ఆయన కోరేగావ్ స్తంభం దగ్గరికి వెళ్లి మరణించిన సైనికులకు నివాళి అర్పించారు. ఆ స్తంభం ఒక పరదేశీ కంపెనీ గెలుపు గుర్తు కదా, దాన్ని ఎందుకు తలుచుకోవాలని అప్పుడూ ఇప్పుడూ అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. కంపెనీ సైన్యం మన దేశస్థుల మీదే తుపాకీ ఎక్కుపెట్టింది, అది నిజం. అయితే యుద్ధానికి పుట్టుకతో పనికిరారని ముద్రవేసిన ప్రభుత్వానికి, అదే ప్రభుత్వం చెక్కించిన రాతి మీది పేర్లనే సాక్ష్యంగా చూపించడం ఆయన పట్టిన దారి. వాదించేది ఎదుటివాడి రికార్డుతోనే. మంచి వకీలు చేసే పని అది.

అదే ఏడాది మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ల కోసం వేలమంది నడిచారు. ఆ తర్వాత అగ్రకులాల గుంపులు వారి మీద దాడిచేశాయి. వచ్చినవారిలో ప్రపంచ యుద్ధం చూసివచ్చిన మాజీ సైనికులు ఉన్నారు. తిరిగి కొట్టడం వారికి కష్టం కాదు. అంబేద్కర్ వద్దన్నారు, వాళ్లు ఆగారు. ఆజ్ఞ లేనిదే చెయ్యి ఎత్తకపోవడం కూడా సైనికుడి శిక్షణలో ఉన్నదే. ఆ కాలంలోనే సమతా సైనిక్ దళ్ ఏర్పడింది. మాజీ సిపాయిలు యువకులకు కవాతు, సభల్లో క్రమం పాటించడం, గుంపును అదుపు చేయడం నేర్పారు.

లండన్‌లో అడిగిన మాట

1930 చివర్లో లండన్‌లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశం జరిగింది. అణగారిన వర్గాల ప్రతినిధిగా అంబేద్కర్ వెళ్లారు. ఈ సమావేశం గురించి మనం చదివేటప్పుడు ప్రత్యేక నియోజకవర్గాల సంగతే చెప్పుకుంటాం. 1931 జనవరిలో రక్షణ వ్యవహారాల ఉపసంఘంలో ఆయన లేవనెత్తిన విషయం చాలామందికి తెలియదు.

సైన్యంలో భర్తీని అణగారిన వర్గాలతో సహా అన్ని సమాజాలవారికీ తెరవాలని ఆయన కోరారు. ఆ కోరికతోపాటే రెండు షరతులు ఆయనే పెట్టారు. సైన్యం సామర్థ్యం దెబ్బతినకూడదు, చేరేవారికి కావలసిన అర్హతలు ఉండాలి. పరీక్ష తేలిక చేయమని ఆయన అడగలేదు. మా పిల్లలకు ఎత్తు తగ్గించండి, పరుగు తగ్గించండి అనలేదు. పరీక్షకు అందరినీ నిలబడనివ్వండి, అర్హత ఉన్నవాడిని తీసుకోండి అన్నారు. కులం చూసి తీసుకుంటే సైన్యమే నష్టపోతుందన్న మాట అందులో ఇమిడి ఉంది. దేశంలో ఉన్న బలాన్ని, తెలివిని కొన్ని జిల్లాల్లోనే వెతకడం వల్ల మిగతా దేశమంతా వృథా అవుతుంది.

ఆ వృథా ఎంతటిదో 1930 నాటి సైమన్ కమిషన్ నివేదికలోని లెక్కలు చూస్తే తెలుస్తుంది. సుమారు 1,58,000 మంది పోరాట సైనికుల్లో 86,000 మంది ఒక్క పంజాబ్‌వారే. విశాలమైన మద్రాసు రాష్ట్రం మొత్తానికి 4,000 మంది. మన హైదరాబాద్ సంస్థానం నుంచి 700 మంది. బెంగాల్ నుంచి ఒక్కరూ లేరు. అంబేద్కర్ 1940లో పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకంలో ఈ లెక్కలను పరిశీలించారు. సైన్యం మొత్తం ఒకే ప్రాంతం చేతిలో ఉండడం స్వతంత్ర దేశానికి ఎంత ప్రమాదమో విశదంగా చర్చించారు.

1941: తండ్రి అర్జీకి జవాబు

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. మళ్లీ మనుషులు కావలసి వచ్చారు. 1941 జూలైలో అంబేద్కర్‌ను వైస్రాయ్ రక్షణ సలహా సంఘంలో సభ్యుడిగా నియమించారు. మహర్ల భర్తీ కోసం ఆయన పట్టుబట్టారు. 1941 అక్టోబర్ 1న బెల్గాంలో మహర్ రెజిమెంట్ మొదటి బెటాలియన్ ఏర్పడింది. తర్వాత రెండో బెటాలియన్ కామ్‌టీలో ఏర్పడింది. వారి టోపీ బిళ్ల మీద మొదట కోరేగావ్ స్తంభం బొమ్మే ఉండేది. భర్తీ ఆగిపోయి దాదాపు యాభై ఏళ్లయింది. రాంజీ సుబేదారు పంపించాలనుకున్న వినతికి ఆయన కొడుకు చేతుల మీదుగా జవాబు దొరికింది.

యువకులు పెద్దసంఖ్యలో చేరాలని అంబేద్కర్ పిలుపునిచ్చారు. స్వాతంత్ర్యోద్యమం జరుగుతుండగా బ్రిటిష్ సైన్యంలో చేరమంటారా అని విమర్శలు వచ్చాయి. జర్మనీ, జపాన్ నియంతృత్వాలు గెలిస్తే దేశానికి ఇంకా పెద్ద ప్రమాదమని ఆయన అభిప్రాయం. రేపు స్వతంత్ర దేశానికి సైన్యం కావాలి, ఆ సైన్యంలో మనవాళ్లు లేకపోతే ఎప్పటికీ బయటే ఉండిపోతారన్న ఆలోచన కూడా ఉంది. ఈసారి యుద్ధం ముగిశాక ఆ రెజిమెంట్ రద్దు కాలేదు. అదే కాలంలో 1943లో ఏర్పడిన చమార్ రెజిమెంట్‌ను మాత్రం 1946లో రద్దు చేశారు. పాత అలవాటు పూర్తిగా పోలేదనడానికి అది గుర్తు.

1942 జూలైలో ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ఆ శాఖ కింద యుద్ధ అవసరాల కోసం సాంకేతిక నిపుణులకు శిక్షణనిచ్చే పథకం నడిచేది. ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు వేలసంఖ్యలో తయారయ్యారు. భారతీయ యువకులను బ్రిటన్ ఫ్యాక్టరీలకు పంపి పని నేర్పించే బెవిన్ పథకం కూడా ఆ శాఖదే. యుద్ధం ముగిసి ఇంటికి వచ్చిన సైనికులకు ఉద్యోగాలు చూపడానికి ఉపాధి కల్పనా కార్యాలయాలు ఏర్పడ్డాయి. మన అన్నలు పేరు నమోదు చేయించుకోవడానికి క్యూలో నిలబడిన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజీలకు మూలం అక్కడే ఉంది.

సైనికుల ఎంపిక పద్ధతి కూడా ఆ యుద్ధకాలంలోనే మారడం మొదలైంది. 1943లో డెహ్రాడూన్‌లో ఆఫీసర్ల ఎంపికకు కొత్త బోర్డు ఏర్పడింది. వంశం, సిఫారసు చూసే బదులు మానసిక పరీక్షలు, బృందంగా చేసే పనులు, ఇంటర్వ్యూ ద్వారా అభ్యర్థిని అంచనా వేసే పద్ధతి అక్కడ వచ్చింది. నేటి ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూలు ఆ దారిలో వచ్చినవే.

స్వతంత్ర భారతంలో

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ ఉద్యోగాల్లో కులం, మతం, పుట్టిన చోటు ఆధారంగా వివక్ష చూపరాదన్న సూత్రం రాజ్యాంగంలో చేరింది. ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు ఒకప్పటి ఆ సుబేదారు కొడుకే. 1949లో అన్ని వర్గాలవారినీ కలిపి బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్ ఏర్పాటైంది. కొన్ని రెజిమెంట్లలో పాత వర్గాల పద్ధతి నేటికీ కొంత మిగిలే ఉంది. మహర్ రెజిమెంట్‌లో ఇప్పుడు అన్ని వర్గాలవారూ ఉన్నారు. దాని కేంద్రం మధ్యప్రదేశ్‌లోని సాగర్‌లో ఉంది. 1981 నుంచి 1983 వరకు భారత సైన్యాధిపతిగా ఉన్న మన తెలుగువాడు జనరల్ కె.వి. కృష్ణారావు ఆ రెజిమెంట్‌కు చెందినవారే. యుద్ధానికి పనికిరారని రాబర్ట్స్ పక్కనపెట్టిన తెలుగు నేల నుంచి, పనికిరారని పక్కనపెట్టిన కులం పేరుతో ఏర్పడ్డ రెజిమెంట్ ద్వారా, దేశ సైన్యాధిపతి వచ్చారు.

మన ప్రాంతంతో కూడా బాబాసాహెబ్‌కు అనుబంధం ఉంది. అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఔరంగాబాద్‌లో 1950లో ఆయన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున కళాశాల స్థాపించారు. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. అదే ఏడాది డిసెంబర్ 6న ఢిల్లీలో తుదిశ్వాస విడిచారు.

మనకు ఇందులో ఏముంది

సిపాయి భర్తీలో కులాన్నిబట్టి రిజర్వేషన్లు లేవు. మన తమ్ముళ్లు అందరితోపాటు ఒకే గీత దగ్గర నిలబడాలి. 2023 నుంచి ముందు కంప్యూటర్ మీద రాతపరీక్ష, అందులో నెగ్గినవారికే పరుగు. అంతకుముందు పరుగులో నెగ్గితే తర్వాత రాతపరీక్ష ఉండేది. పొలం పని చేసిన కాళ్లు, గుట్టలెక్కిన ఊపిరి మనకు కొంత సాయపడేవి. ఇప్పుడు లెక్కలు, జనరల్ నాలెడ్జ్, కంప్యూటర్ ముందు కూర్చునే అలవాటు లేకపోతే గ్రౌండ్ దాకా కూడా పోలేం. సోమశిల రోడ్డు మీద ఎంత ఉరికినా ఆ గదిలో గంటసేపు కూర్చోలేకపోతే ఫలితం లేదు.

పరుగు విషయంలోనూ కొన్ని జాగ్రత్తలు మాకు అనుభవం మీద తెలిశాయి. ర్యాలీకి నెల ముందు మొదలుపెట్టి రోజూ ప్రాణం పోయేలా ఉరికినవారికి పిక్కల ఎముకల దగ్గర నొప్పి వచ్చి అసలు రోజున కుంటినవారున్నారు. ఆరు నెలల ముందు నుంచి మెల్లగా దూరం పెంచాలి, వారానికి ఒకరోజు విశ్రాంతి ఉండాలి. బీములు, తొమ్మిది అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ దుంగ మీద నడవడం విడిగా సాధన చేయాలి. వైద్య పరీక్షలో కళ్లు, చెవులు, పళ్లు, పాదం ఆకారం, మోకాళ్లు చూస్తారు. వాటిని ముందే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుంటే, చెవిలో గులిమి, పుచ్చిన పన్ను వంటి చిన్న లోపాలు సరిచేసుకోవచ్చు. డబ్బులిస్తే పని చేయిస్తామనే దళారులను దగ్గరికి రానివ్వకూడదు. అర్హత ఉన్నవాడికి దళారీ అక్కర్లేదు.

ఈ పని ఒంటరిగా చేయాల్సిన అవసరం కూడా లేదు. కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకుల సైనిక పాఠశాల ఉంది. భువనగిరిలో ఆడపిల్లల కోసం సాయుధ దళాల సన్నాహక డిగ్రీ కళాశాల వచ్చింది. సుబేదారు ఇంటి ఆడపిల్లలు పటాలం బడిలో అక్షరాలు దిద్దుకున్న కాలం నుంచి, ఆడపిల్లలే ఆఫీసర్లు కావడానికి శిక్షణ పొందే కాలానికి వచ్చాం. మన హాస్టల్‌లో కూడా సాయంత్రం ఒక గంట పెద్ద తరగతులవారు చిన్నవారికి లెక్కలు చెప్పే ఏర్పాటు చేసుకుందాం. పూర్వ విద్యార్థుల్లో సైన్యంలో, పోలీసు శాఖలో ఉన్న అన్నలు సెలవుల్లో వచ్చి వారం రోజులు గ్రౌండ్‌లో మెళకువలు నేర్పితే ఎంతో మేలు. రాంజీ సక్పాల్ 14 ఏళ్లు చేసిన పని అదే. తాను నేర్చుకున్నది పటాలం పిల్లలకు నేర్పారు.

అందరూ సైన్యంలోకే పోవాలని మేము చెప్పడం లేదు. టీచరు, డాక్టరు, ఇంజనీరు, వకీలు, ఏది కావాలనుకున్నా ముందర ఒక పరీక్ష ఉంటుంది. ఆ పరీక్ష న్యాయంగా ఉండాలని అడిగే హక్కు బాబాసాహెబ్ మనకు సంపాదించి పెట్టారు. దానికి సిద్ధం కావలసిన పని మనది.

ఆ రోజు రోడ్డు పక్కన ప్రశ్న అడిగిన తమ్ముడికి మేము ఇచ్చే జవాబు ఈ వ్యాసమే. రేపు తెల్లవారుజామున పరుగుకు బయలుదేరేటప్పుడు హాస్టల్ గోడ మీది బొమ్మను ఒకసారి చూసి పో తమ్ముడా. నువ్వు నిలబడబోయే ఆ గీత దగ్గర ఒకప్పుడు నిలబడనివ్వలేదు. నిలబడనివ్వండని అడిగినవారిలో ఆయన తండ్రి ఉన్నారు, ఆయన ఉన్నారు.

జై భీమ్.